ఆటకు వన్నె తెచ్చిన ఆంధ్రుడు: కొఠారి కనకయ్య నాయుడు

నూజివీడు సీమలో వేసవి అంటే మామిడి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి ఒకదాని వెంట ఒకటి కోతకు వచ్చి ఊరూరికీ తరలిపోతాయి. అక్కడి వారికి పండు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తోట జమీందారుదా, సామాన్య రైతుదా అని అడిగి యెవరూ పండుకు రుచి కట్టరు. చేతిలోకి తీసుకొని, వాసన చూచి, నోట పెట్టుకొని రుచి కడతారు. ఇంత సులువైన న్యాయం మనుష్యుల విషయంలో అంత సులువుగా సాగదు. ఆడగలవానికంటె ఆస్తిగలవానికి ముందు పీట వేసిన కాలం ఒకటి మన దేశపు ఆటస్థలాలలో గడిచింది. ఆ కాలంలో పుట్టి, ఆ పీటలను లక్ష్యపెట్టక, ఆటనే తన గౌరవంగా చేసికొని, టెస్టు క్రికెట్టులో భారతదేశానికి తొలి నాయకుడైనవాడు కొఠారి కనకయ్య నాయుడు.

నూజివీడు చిరకాలం కృష్ణా జిల్లాలో ఒక భాగంగా ఉండేది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మచిలీపట్నం. డచ్చివారు, ఇంగ్లీషువారు ఓడలు దింపిన ఆ రేవుపట్టణమే కొఠారి వారి పూర్వస్థానం. ఆ ఇంటివారు బందరును విడిచి నాగపురం చేరి, అక్కడ స్థిరపడ్డారు. కనకయ్య నాయుడి తాత నారాయణస్వామి నాయుడు నాగపురంలో పేరుపడిన న్యాయవాది. జాతీయ కాంగ్రెసు తొలినాళ్లలోనే అందులో చేరినవాడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివి వచ్చి, హోల్కర్ సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేశాడు. ఇంట న్యాయవాదం, బయట ఆట. ఈ రెండింటి నడుమ 1895 అక్టోబరు 31న నాగపురంలో కనకయ్య జన్మించాడు.

బాల్యము, తొలి అడుగు

కనకయ్య చిన్ననాటనే బడి జట్టులో చోటు సంపాదించుకొన్నాడు. నాగపురం హిస్లాప్ కళాశాలలో చదువు సాగింది. క్రికెట్టుతోపాటు హాకీ, ఫుట్‌బాలు కూడా ఆడేవాడు. పొడగరి, సన్నని, ధృఢమైన శరీరం. వ్యాయామంతో సాధించుకొన్న ఆ దేహపటుత్వాన్ని వార్ధక్యం వరకు చెడనీయకుండా కాపాడుకొన్నాడు.

ఆ రోజులలో దేశంలో క్రికెట్టుకు పెద్ద పండుగ బొంబాయి చతుర్ముఖ పోటీలు. హిందువులు, ముస్లిములు, పార్సీలు, యూరోపియనులు అనే నాలుగు జట్లు అందులో తలపడేవి. మతాన్ని బట్టి జట్టు కట్టడం నేడు వింతగా తోచవచ్చును, నాడది మామూలు. ఆ జట్ల లోపల మళ్లీ కులభేదాలు. పల్వంకర్ బాలూ అనే గొప్ప బౌలరు 1911లో ఇంగ్లండు వెళ్లి నూరుకు పైగా వికెట్లు పడగొట్టి వచ్చినా, అస్పృశ్యుడని యెంచబడిన కులంలో పుట్టినందువల్ల హిందూజట్టుకు నాయకుడు కాలేకపోయాడు. ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో గాని ఆ గౌరవం దక్కలేదు. ఆటలో న్యాయమనే ప్రశ్న కనకయ్య నాయుడి కథతో పుట్టినది కాదు. ఆయన ఆడిన గడ్డమీద అది అంతకుముందే మొలకెత్తి ఉన్నది.

1916లో నాయుడు ఆ పోటీలలో హిందూజట్టు తరఫున యూరోపియనులమీద తొలిసారి బరిలో దిగాడు. అప్పటికి జట్టు 79 పరుగులకు 7 వికెట్లు పోగొట్టుకొని దిక్కుతోచక ఉన్నది. ఇరవయ్యవ పడిలో అడుగిడిన కుర్రవాడు తొమ్మిదవవాడుగా వచ్చాడు. మొదటి మూడు బంతులను జాగ్రత్తగా ఆపాడు. నాల్గవ బంతిని సిక్సరుగా గాలిలోకి పంపాడు. ఆ నాలుగు బంతులలోనే ఆయన జీవితకాలపు ఆటతీరు కనిపిస్తుంది: ముందు పరిశీలన, పిమ్మట సాహసం.

ఉద్యోగమా? ఆటా?

ఇంగ్లండులో ఆనాడు క్రికెటర్లు రెండు తెగలు. డబ్బు పుచ్చుకోక ఆడేవారు దొరలు. జీతానికి ఆడేవారు వృత్తి క్రీడాకారులు. ఒకే జట్టులో ఆడుతున్నా వారికి వేరువేరు గదులు, కొన్ని మైదానాలలో వేరువేరు ద్వారాలు. ఎంత ప్రతిభ ఉన్నా జీతగాడు దేశపు జట్టుకు నియమిత నాయకుడు కావడం పరిపాటి కాదు. 1952లో లెన్ హటన్ నాయకుడైన నాటికి గాని ఆ కట్టుబాటు సడలలేదు. ఆ తెగల భేదమే 1962 చివర గాని రద్దు కాలేదు.

మన దేశంలో ఈ భేదానికి మరొక రూపం. ఇక్కడ ఆటకు డబ్బు పెట్టేవారు సంస్థానాధీశులు. మైదానాలు వారివి, ప్రయాణపు ఖర్చులు వారివి, శిక్షకులను విదేశాలనుండి రప్పించేది వారు. కాబట్టి నాయకత్వం కూడా తమదేనని వారిలో కొందరు భావించారు. ఆటగాడు బ్రతకాలంటే ఒక రాజాస్థానంలో ఉద్యోగం కావాలి. 1923లో ఇండోరు సంస్థానాధిపతి హోల్కర్ మహారాజు నాయుడిని పిలిపించి, తన సైన్యంలో కెప్టెను హోదా నిచ్చాడు. ఆ సైన్యంలోనే ఆయన క్రమంగా మేజరు, తరువాత కర్నలు అయ్యాడు. పేరుకు అది సైనికోద్యోగం. పనికి అది క్రికెట్టు. ఇండోరుకు ఒక క్రికెట్టు సంప్రదాయాన్ని నిర్మించే బాధ్యత ఆయనమీద పడింది.

జీతం పుచ్చుకొని ఆడడం ఆయనకు తక్కువతనంగా తోచలేదు. జీతం పుచ్చుకొన్నందుకు మరింత కష్టపడవలెనని తలచాడు. వేళకు రావడం, శరీరాన్ని అదుపులో ఉంచుకోవడం, గెలిచినా ఓడినా సాధన మానకపోవడం ఆయన తనకు తాను విధించుకొన్న నియమాలు. వాటినే ఇతరులకూ విధించేవాడు. వృత్తినిష్ఠ అనే మాటకు ఆయన జీవితం మంచి వ్యాఖ్యానం. తరువాతి కాలంలో, 1941లో, ఒక మందు ప్రకటనకు తన పేరునిచ్చి, వ్యాపార ప్రకటనలో కనిపించిన తొలి భారతీయ క్రికెటరుగా కూడా ఆయన పేరు చెప్పుకొంటారు.

బొంబాయిలో ఒక అపరాహ్ణం

1926లో ఆర్థర్ గిలిగన్ నాయకత్వాన ఇంగ్లండునుండి ఎం. సి. సి. జట్టు వచ్చింది. అది దేశమంతటా తిరుగుతూ గెలుపుమీద గెలుపు సాధిస్తున్నది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూజట్టుతో పోటీ. ఆ పోటీలో ఎం. సి. సి. తరఫున గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 పరుగులు చేసి, చూచేవారిని విస్మయపరచాడు. దానికి జవాబు డిసెంబరు 1న వచ్చింది.

నాయుడు బ్యాటు పట్టి నిలిచిన సమయం రెండు గంటలకు లోపే. చేసిన పరుగులు 153. అందులో 11 సిక్సర్లు, 13 ఫోరులు. అనగా 118 పరుగులు బంతిని సరిహద్దు దాటించి చేసినవే. ఒక దెబ్బకు బంతి జింఖానా కప్పుమీద పడింది. వార్త నగరంలో ప్రాకినకొద్దీ జనం కచేరీలు విడిచి మైదానంవైపు పరుగుతీశారు. చోటు దొరకనివారు చెట్లెక్కి, మిద్దెలెక్కి చూచారు. ఎం. సి. సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

ఆ ఇన్నింగ్సు ఒక వినోదంగా ముగిసిపోలేదు. ఆ వెనువెంటనే దేవధర్ 148 పరుగులు చేశాడు. ఈ దేశంవారు ఇంగ్లండుతో సమానంగా నిలువగలరన్న నమ్మకం రెండు పక్షాలలోనూ కలిగింది. దేశానికంతటికీ ఒక క్రికెట్టు మండలి కావలెనన్న ఆలోచన బలపడి, 1928 డిసెంబరులో భారత క్రికెట్టు నియంత్రణ మండలి యేర్పడింది. ఇంగ్లండుతో టెస్టు మ్యాచి ఆడే అర్హత దానివెంట వచ్చింది.

లార్డ్సు మైదానంలో

1932 వేసవిలో భారతజట్టు ఇంగ్లండు వెళ్లింది. గాంధీజీ చెరసాలలో ఉన్న రోజులవి. ఆ జట్టులో హిందువులు, ముస్లిములు, పార్సీలు, సిక్కులు కలిసి ఒకే పేరుతో ఆడారు. నాయకుడు పోర్‌బందరు మహారాజు. ఉపనాయకుడు లింబిడి రాజవంశీయుడైన ఘనశ్యామసింహజీ. వీరిద్దరూ ఆటవల్ల గాక హోదావల్ల ఆ స్థానాలలో నిలిచినవారు. పోర్‌బందరు మహారాజు ఆ పర్యటనలో ప్రథమశ్రేణి మ్యాచిలన్నింటిలో కలిపి చేసిన పరుగులు 2.

అయితే ఆ మహారాజును తక్కువ చేయరాదు. తన శక్తి యెంతయో ఆయనకు తెలుసు. టెస్టు మ్యాచి దగ్గర పడగానే తానుగా తప్పుకొన్నాడు. లింబిడి కుమారునికి దెబ్బ తగిలింది. నాయకత్వం నాయుడికి దక్కింది. దీనికి జట్టులోని కొందరు ఒప్పుకోలేదు. రాజు కానివాని క్రింద ఆడడం వారికి కష్టంగా తోచింది; నాయుడి కఠినశిక్షణ మరికొందరికి రుచించలేదు. అయినను ఆ నిర్ణయం నిలిచింది. రాజు తానుగా తప్పుకొని, అర్హునికి దారి యిచ్చిన ఆ చర్య భారత క్రికెట్టు తొలిపుటలో ఒక సత్సంప్రదాయంగా నమోదై ఉన్నది.

జూను 25న లార్డ్సు మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు మొదలయింది. అంతకు పదిరోజుల ముందే యార్కుషైరు జట్టుకు 555 పరుగుల తొలి వికెట్టు భాగస్వామ్యం చేసిన సట్‌క్లిఫ్, హోమ్సు ఇద్దరినీ మహమ్మద్ నిస్సార్ బౌల్డు చేశాడు. వూలీ రనౌటు అయ్యాడు. 19 పరుగులకు ఇంగ్లండు 3 వికెట్లు పోయాయి. ఇంగ్లండు నాయకుడు జార్డిన్ నిలదొక్కుకొని జట్టును 259కి చేర్చాడు. ఫీల్డింగులో నాయుడి చేతికి గాయమయింది. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్సులో భారతజట్టుకు అవే అత్యధికం. మ్యాచిలో 158 పరుగుల తేడాతో భారతదేశం ఓడిపోయింది. ఓడినా తలదించుకోవలసిన ఓటమి కాదని ఆనాటి ఇంగ్లీషు పత్రికలు సయితం గుర్తించాయి.

ఆ పర్యటనలో నాయుడు ప్రథమశ్రేణి మ్యాచిలలో 1,618 పరుగులు, 65 వికెట్లు సాధించాడు. లార్డ్సులో ఎం. సి. సి.పై 118 పరుగులు చేసి అజేయుడుగా నిలిచాడు. బర్మింగ్‌హాములో వార్విక్‌షైరు జట్టుపై ఆయన కొట్టిన ఒక సిక్సరు మైదానం వెలుపల పారే రీ నదిని దాటి పడిందట. ఆ నది ఆనాడు రెండు కౌంటీలకు ఎల్ల గనుక, ఒక కౌంటీనుండి మరొక కౌంటీకి సిక్సరు కొట్టినవాడని ఇంగ్లీషువారు ముచ్చటగా చెప్పుకొన్నారు. 1933లో విజ్డెన్ వార్షిక గ్రంథం ఆ యేటి అయిదుగురు ఉత్తమ క్రికెటర్లలో నాయుడిని ఒకనిగా ఎంచింది. భారతదేశం తరఫున ఆడి ఆ గౌరవం పొందినవారిలో ఆయనే మొదటివాడు.

దెబ్బలకు బెదరని జట్టు

1932-33 శీతకాలంలో జార్డిన్ ఆస్ట్రేలియాలో ఒక క్రొత్త యుద్ధవ్యూహం పన్నాడు. వేగపు బౌలర్లచేత బంతిని వికెట్లపైకి గాక బ్యాట్స్‌మన్ శరీరంపైకి వేయించి, కాలివైపు ఫీల్డర్లను గుంపుగా నిలిపాడు. నియమాల అక్షరం చెడలేదు. ఆటలోని మర్యాద చెడిందని ప్రపంచమంతా కలకలం రేగింది. తరువాత నియమాలనే మార్చవలసి వచ్చింది. నియమం అనుమతించినదంతా న్యాయమేనా అన్న ప్రశ్నను ఆ పోటీలు క్రీడాలోకం ముందు ఉంచాయి.

ఆ జార్డినే 1933-34లో తన జట్టుతో మన దేశానికి వచ్చాడు. ఎదురు నిలిచిన నాయకుడు నాయుడు. దేశంలో మొదటి టెస్టు బొంబాయిలో జరిగింది. రెండవ ఇన్నింగ్సులో 21 పరుగులకు 2 వికెట్లు పోయిన స్థితిలో నాయుడు, యువకుడైన లాలా అమర్‌నాథ్ జతకట్టి 186 పరుగులు జోడించారు. అమర్‌నాథ్ 118, నాయుడు 67. టెస్టులలో భారతదేశం తరఫున చేసిన మొదటి శతకమది. కలకత్తాలో దిలావర్ హుసేన్ తలకు బంతి తగిలి పడిపోయినా, కట్టు కట్టించుకొని తిరిగివచ్చి రెండు ఇన్నింగ్సులలోను అర్ధశతకాలు చేశాడు. మద్రాసులో నవూమల్ తలకు గాయమై ఆట విరమించాడు. ఇంగ్లండు రెండు టెస్టులు గెలిచింది. కలకత్తా టెస్టు సమంగా ముగిసింది. ఓటమిలో కూడా తన జట్టు బెదరి పారిపోలేదన్న కీర్తి మాత్రం నాయుడికి మిగిలింది.

అన్యాయపు సంవత్సరం

1936లో ఇంగ్లండుకు మరల జట్టు వెళ్లవలసి వచ్చింది. నాలుగు టెస్టులకు నాయకత్వం వహించిన అనుభవశాలి నాయుడు ఉండగా, నాయకత్వం ఓట్లతో, పలుకుబడులతో తేలవలసిన వ్యవహారంగా మారింది. మొదట ఎన్నికైన పటౌడీ నవాబు అనారోగ్యకారణంగా తప్పుకొన్నాడు. అటుపిమ్మట గెలిచినవాడు విజయనగర మహారాజకుమారుడు విజయానంద గజపతి. విధి వైచిత్రి యేమంటే, ఓడినవాడూ గెలిచినవాడూ ఇద్దరూ తెలుగు మూలాలవారే. ఒకరు నాగపురంలో, ఇంకొకరు కాశీలో స్థిరపడినవారు. గజపతి క్రికెట్టును ప్రేమించినవాడే. జాక్ హాబ్సు, సట్‌క్లిఫ్ వంటి మహామహులను స్వంత ఖర్చుతో రప్పించి మన యువకులకు వారి ఆట చూపించినవాడు. కాని ఆటను పోషించడం వేరు, ఆడించడం వేరు. మూడు టెస్టుల ఆరు ఇన్నింగ్సులలో ఆయన చేసిన పరుగులు 33.

నాయకుడే జట్టులో కక్షలు పెంచితే యేమి జరుగుతుందో ఆ వేసవిలో తెలిసింది. పరుగులు, వికెట్లు రెండింటిలోను ముందున్న అమర్‌నాథ్‌ను, బ్యాటింగు క్రమం విషయమై మాట తేడా వచ్చినందుకు, మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపివేశారు. ఆయన మళ్లీ టెస్టు ఆడడానికి పదేళ్లు పట్టింది. నాయుడి పక్షంవారని కొందరిపై, నాయకుని పక్షంవారని కొందరిపై ముద్రలు పడ్డాయి. ఉదయపు ఫలాహార సమయంలో నలుగురిలో నాయుడిని అవమానించినందుకు బహుమతిగానే ఒక ఆటగానికి చివరి టెస్టులో చోటు దొరికిందన్న కథ నాటినుండి నేటివరకు ప్రచారంలో ఉన్నది. నిజమేదైనా, అటువంటి కథ పుట్టి, అందరూ నమ్మదగినదిగా ఉండడమే ఆ జట్టు దుస్థితికి గుర్తు.

నాయుడు పూర్తిగా నిర్దోషి అని చెప్పడం కూడా న్యాయం కాదు. ఆయన మితభాషి, అభిమానధనుడు. జట్టుకు పెద్దవాడుగా మధ్య నిలిచి మాట కలపవలసిన చోట ఆయన దూరంగా ఉండిపోయాడన్న విమర్శ ఉన్నది. తన క్రింద ఆడినవారిపట్ల కూడ ఆయన కాఠిన్యం ఒక్కొక్కప్పుడు హద్దు మీరేదని, ఆయనను గౌరవించినవారే ఒప్పుకొన్నారు. కాని చేతికి బ్యాటు వచ్చినప్పుడు ఆయన దానిలో కక్ష చూపలేదు.

దానికి సాక్ష్యం ఓవల్ మైదానం. ఆగస్టులో జరిగిన చివరి టెస్టులో భారతజట్టు ఫాలో ఆన్ ఆడుతున్నది. నాయుడికి అప్పటికి నలుబది యేండ్లు. తొలి రెండు టెస్టులలో ఆయన ఆట అంతంతమాత్రం. ఇంగ్లండు నాయకుడు గబ్బీ ఆలెన్ విసిరిన వేగపు బంతి రొమ్ముకు బలంగా తగిలింది. నొప్పితో వంగిపోయిన మనిషి మైదానం విడువలేదు. తిరిగి నిలబడి 81 పరుగులు చేశాడు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే. తనకు దక్కవలసిన నాయకత్వాన్ని అనుభవిస్తున్నవాని జట్టు కోసం, ఓటమి దాదాపు నిశ్చయమైన మ్యాచిలో, ఆయన ఆ పరుగులు చేశాడు. అదే ఆయన చివరి టెస్టు. ప్రపంచయుద్ధం వచ్చిపడి, 1946 వరకు భారతదేశానికి మరల టెస్టులు లేకపోయాయి.

జట్టు తిరిగివచ్చిన పిమ్మట బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. 1937లో వెలువడిన నివేదిక అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. ఫీల్డర్లను నిలపడం, బౌలర్లను మార్చడం నాయకునికి తెలియలేదని, బ్యాటింగుకు ఒక క్రమం లేకపోయిందని తప్పుపట్టింది. న్యాయం తీర్పుగా వచ్చింది గాని, పోయిన వేసవి తిరిగి రాలేదు.

ఏడు టెస్టులలో నాయుడు చేసినవి 350 పరుగులు. తీసినవి 9 వికెట్లు. అంకెలను మాత్రమే చూచేవారికి ఇది స్వల్పం. తొలి టెస్టు నాటికే ఆయనకు 36 యేండ్లు నిండాయని, నాలుగేండ్లలో ఏడే టెస్టులు జరిగాయని గుర్తుంచుకొంటే ఆ అంకెలకు అర్థం మారుతుంది.

ఇండోరు గురుకులం

టెస్టులు లేని కాలంలో నాయుడి తేజస్సు రంజీ పోటీలలో వెలిగింది. హోల్కర్ జట్టుకు ఆయన నాయకుడు, గురువు, కాపలాదారు. ముస్తాక్ అలీ ఆయన చేరదీసిన బాలుడే. సర్వతే, జగ్‌దాలే, నింబాల్కర్, స్వంత తమ్ముడు సి. ఎస్. నాయుడు ఆ జట్టులో మెరిశారు. తమ్ముడని ఆయన పని తగ్గించలేదు. 1944-45 ఫైనలులో బొంబాయిపై సి. ఎస్. నాయుడు రెండు ఇన్నింగ్సులలో కలిపి 917 బంతులు వేశాడు. 1945-46లో మైసూరుపై హోల్కర్ జట్టు 8 వికెట్లకు 912 పరుగులు చేసినప్పుడు ఒకే ఇన్నింగ్సులో ఆరుగురు శతకాలు చేశారు. వారిలో నాయుడు ఒకడు. ఆ యేటి ఫైనలులో బరోడాపై, యాభై యేండ్ల వయస్సున, ఆయన 200 పరుగులు చేశాడు. తొమ్మిదేండ్లలో ఎనిమిది పర్యాయాలు ఫైనలు చేరిన ఆ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో విజేత అయింది.

1951-52 ఫైనలులో బొంబాయి బౌలరు దత్తూ ఫడ్కర్ వేసిన బంతి నాయుడి ముఖానికి తగిలి పళ్లు ఊడాయి. ఆయన వాటిని పిచ్‌మీదనుండి ప్రక్కకు త్రోసి, బౌలరును వేగం తగ్గించవద్దని కోరి, మరల బ్యాటు పట్టాడు. అప్పుడాయన వయస్సు 56. ఎదుటివాడు జాలితో ఇచ్చే పరుగు ఆయనకు అక్కరలేదు. పోటీ అంటే రెండు పక్షాలవారూ తమ శక్తినంతా వినియోగించడమనీ, దయచూపి తగ్గడం కూడా ఒక విధంగా ఆటకు అపచారమేననీ ఆయన నమ్మకం.

తెలుగుగడ్డ ఋణం కూడా ఆయన తీర్చుకొన్నాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆ 1953-54 సంవత్సరంలోనే ఆంధ్రజట్టు తొలిసారిగా రంజీ పోటీలలో ప్రవేశించింది. తాతలనాడే కృష్ణాతీరం విడిచిన ఇంటిబిడ్డ, 58 యేండ్ల వయస్సున, ఆ క్రొత్త జట్టుకు నాయకుడై నిలిచాడు. గెలుపులు తెచ్చిపెట్టే జట్టు కాదది. అయినా తొలి అడుగులు వేసే పిల్లవానికి పెద్దచేయి ఆసరా కావాలి గదా!

1956-57లో, 61 యేండ్ల ప్రాయంలో, ఆయన ఉత్తరప్రదేశ్ తరఫున రంజీలో ఆడాడు. ఆ రాష్ట్రపు క్రికెట్టుకు అప్పుడు పెద్దదిక్కు విజయానంద గజపతియే. ఇరవై యేండ్లనాటి పగ ఆటముందు నిలువలేదు. వినూ మన్కడ్ వంటి బౌలరు బంతిని సిక్సరు కొట్టగల సత్తువ ఆ వయస్సులోను ఆయన భుజాలలో ఉన్నది. ప్రథమశ్రేణి క్రికెట్టులో ఆయన మొత్తం 207 మ్యాచిలు ఆడి, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు సంపాదించాడు. 1963-64లో ఒక ధర్మకార్యం కోసం జరిగిన మ్యాచిలో, 68 యేండ్ల వయస్సులో, చివరిసారి మైదానంలో అడుగుపెట్టాడు.

చివరి రోజులు

1956లో భారతప్రభుత్వం ఆయనకు పద్మభూషణ బిరుదమిచ్చింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటరు ఆయనే. 1967 నవంబరు 14న ఇండోరులో ఆయన కన్నుమూశాడు. ఆయన కుమార్తె చంద్ర నాయుడు మన దేశంలో క్రికెట్టు వ్యాఖ్యానం చెప్పిన తొలి మహిళగా పేరు పొంది, తండ్రి జీవితాన్ని గ్రంథంగా వ్రాసింది. యువకుల జాతీయ పోటీకి 1973-74 నుండి ఆయన పేరు పెట్టారు. 1994లో క్రికెట్టు మండలి జీవితకాల సేవకు గాను నెలకొల్పిన పురస్కారం కూడా ఆయన పేరుతోనే ఉన్నది. నాయకత్వం అడిగినప్పుడు ఓట్లు లెక్కించిన మండలియే, అరువది యేండ్లు కావచ్చిన పిమ్మట, తన అత్యున్నత పురస్కారానికి ఆ పేరునే ఎంచుకొన్నది.

నాయుడి జీవితంలో ఒక చిత్రమైన మెలిక ఉన్నది. ఆయనకు అన్నం పెట్టింది ఒక రాజు. దారి విడిచింది ఒక రాజు. పీట లాగివేసింది ఒక రాజకుమారుడు. రాజులను ద్వేషించడం గాని, వారిని ఆశ్రయించి తలవంచడం గాని ఆయన చేయలేదు. ఎవరి ప్రాపకంలో ఉన్నా తన ఆటకు తానే జవాబుదారీ వహించాడు. నేడు ఆటగాళ్లకు సంస్థానాల అవసరం లేదు. ఆటే జీవనోపాధి అయింది. కాని జట్టును ఎంచే గదిలో బంధుత్వం, సిఫారసు తొంగిచూచే ప్రమాదం ఏ కాలానికైనా ఉన్నదే. ప్రతి పాఠశాలలో జట్టు కట్టే ఉపాధ్యాయునికీ ఆ పరీక్ష యేటేటా ఎదురవుతుంది. ఊరిపెద్ద కుమారుడా, బాగా ఆడే పేదబాలుడా అన్న సందేహం కలిగిన నాడు, లార్డ్సులో తానుగా ప్రక్కకు తొలగిన మహారాజునూ, ఓవల్‌లో దెబ్బతిని కూడ నిలిచిన నాయుడినీ తలచుకొంటే, తీర్పు తేలికవుతుంది. నూజివీడు తోటలో పండుకు రుచి కట్టే ఆ పాత న్యాయమే ఆటస్థలానికీ చాలును.